వారం వారం మారే పొద్దు

గోదావరిఖని, మందమర్రి, శ్రీరాంపూర్, కొత్తగూడెం... బొగ్గుబాయిని నమ్ముకున్న ఏ ఊళ్లోనైనా అన్నం ఎప్పుడు వండాలో, పిల్లలు ఎప్పుడు చప్పుడు చేయకూడదో ఆ వారం ఇంటాయనకు పడిన షిఫ్టును బట్టి ఉంటుంది. ఈ సింగరేణి గనుల తవ్వకం 1889లో ఇల్లందులో మొదలైంది. తట్టా చెమ్మస్ పట్టే చేతిపని పోయి యంత్రాలు వచ్చాయి. నిద్ర కష్టం మాత్రం తీరలేదు.

మొదటి షిఫ్టు, రెండో షిఫ్టు, రాత్రి షిఫ్టు వంతులవారీగా అందరికీ వస్తాయి. అందరి ఒళ్లూ ఒక్కటి కాదు. కోడికూతకే లేచే మనిషి మొదటి షిఫ్టుకు హుషారుగా పోతాడు. రాత్రి షిఫ్టు అంటే ఆయనకు బెంగ. అర్ధరాత్రి దాకా చురుగ్గా ఉండే మనిషికి రాత్రి పని అంత బరువనిపించదు. చీకటితో లేవడమే ఆయనకు శిక్ష. షిఫ్టుకు ఎగబడినా, వెనకాడినా అది బద్ధకానికో బాధ్యతకో కొలత కాదు.

ఈ తేడాను కొలిచే ప్రశ్నావళిని హార్న్, ఆస్ట్‌బర్గ్ అనే పరిశోధకులు 1976లోనే తయారు చేశారు. ఒంట్లోని గడియారం ఎలా నడుస్తుందో కనుగొన్న ముగ్గురికి 2017లో నోబెల్ వచ్చింది. ఈ స్వభావం కొంత పుట్టుకతో వస్తుంది, కొంత వయసుతో మారుతుంది. పెద్దవుతున్న కొద్దీ ఎక్కువమందికి పెందలాడే మెలకువ వస్తుంది. పాతికేళ్లప్పుడు రాత్రి షిఫ్టును లెక్కచేయని కార్మికుడు యాభై దాటాక దాన్ని తట్టుకోలేకపోవచ్చు. సింగరేణి బొగ్గు సంస్థలో ఉద్యోగ విరమణ వయసేమో 61; అంటే యాభై దాటాక కూడా ఏళ్ల తరబడి షిఫ్టులు తప్పవు.

పొద్దున్నే లేచే అలవాటున్న మనిషికి రాత్రి పని చేసొచ్చినా పగలు కన్ను మూతపడదు. దానికి తోడు మే నెల ఎండకు క్వార్టర్ గోడలు సెగలు కక్కుతాయి. ఓపెన్‌కాస్టు గని పక్కనుంటే పట్టపగలు పేలే బ్లాస్టింగుకు కిటికీలు అదురుతాయి. నిద్ర తీరని కళ్లతోనే మళ్లీ యంత్రాల మధ్యకు, బాయి పైకప్పు కిందికి పోవాలి. రాత్రి షిఫ్టు పని క్యాన్సర్ కారకమయ్యే అవకాశం ఉందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2007లో తేల్చింది, 2019లో మళ్లీ చెప్పింది.

భూగర్భంలో రోజుకు 8 గంటలు మించకూడదని 1952 గనుల చట్టం గీత గీసింది. ఆ గంటలు ఎవరి ఒంటికి ఎప్పుడు సరిపడతాయో మాత్రం ఇక్కడ ఎవరూ అడగలేదు. జర్మనీలోని ఒక ఉక్కు కర్మాగారంలో అడిగి చూశారు. పెందలాడే లేచేవాళ్లకు రాత్రి షిఫ్టు, ఆలస్యంగా లేచేవాళ్లకు పొద్దుటి షిఫ్టు తప్పించారు. పని దినాల్లో కార్మికుల నిద్ర పెరిగిందని 2015లో అచ్చయిన ఆ అధ్యయనం చెబుతోంది.

నీళ్లు తోడే పంపులు, గాలి ఫ్యాన్లు రాత్రీ నడవాల్సిందే. రాత్రి పని పూర్తిగా పోదు. కానీ ఇష్టపడి వచ్చేవాళ్లకు ముందు ఇవ్వొచ్చు, యాభై దాటినవాళ్లకు తగ్గించొచ్చు. జీతాలు, బోనస్‌ల కోసం కొట్లాడిన కార్మిక సంఘాలు ఇక నిద్రనూ తమ కోర్కెల పత్రంలో రాయాలి. యాజమాన్యం షిఫ్టు వేసే ముందు కార్మికుణ్ని ఒక్క మాట అడగాలి.