మొదటి గ్లైడరు

ఎచ్చెర్ల పొలములమీద మిట్టమధ్యాహ్నవేళ రెక్క విదల్పక సుడులు తిరుగు గ్రద్దను చూడనివారుండరు. ఎండకు కాగిన నేలనుండి లేచు వేడిగాలియే దానికి ఊతము. ఇంజను లేని గ్లైడరు పైకి పోవుటయు ఇట్లే.

కొద్ది గంటలు మాత్రమే ఎగిరినవాడు సొంత గ్లైడరు కొనదలచినచో ముందుగా అడుగు ప్రశ్న, “ఎంత దూరము పోవును?” అని. జర్మనీలో తయారగు ఏ.ఎస్.కే. 21 నిశ్చలమైన గాలిలో కిలోమీటరు ఎత్తునుండి సుమారు 34 కిలోమీటర్లు జారగలదు. పోటీ గ్లైడర్లు 50 దాటును. వినుటకు ఇంపుగానే యున్నది. కాని దూరము జారునది దిగుటకు మొరాయించును. వేడిగాలి అందక, గట్లనడుమనున్న చిన్నపొలములో దిగవలసివచ్చినపుడు ఆ గుణమే దోషమగును. వేగము కొంచెము హెచ్చినను పొలము దాటిపోవును. కనుక క్రొత్తవాడు చూడవలసినవి వేరు. రెక్కలపై లేచి గాలిని అడ్డగించు పలకలు బలముగా పనిచేయునా? వేగము మరీ తగ్గినపుడు రెక్క ఒరిగిపోకముందే యంత్రము వణకి హెచ్చరించునా?

బరువు సంగతి పలువురు మరతురు. పైలటుకుండవలసిన కనీసపు బరువు గ్లైడరులోనే వ్రాసియుండును. బక్కపలుచని కుర్రవాడు అంతకు తూగనిచో బరువు వెనుకకు జరిగి, యంత్రము చిన్న కదలికకే ఎగిరిపడును. సీసపుదిమ్మ చేర్చక ఎగురరాదు.

రామామృతము రూపొందింపగా 1961లో తొలిసారి ఎగిరిన మన ‘రోహిణి’లో గురుశిష్యులు ప్రక్కప్రక్కనే కూర్చుందురు, శిష్యుని చేయి గురువు కంటబడుచుండును. నేర్చుకొనువానికి ఇంతకంటె కావలసినదేమి? అయితే దానిది కొయ్యదేహము. ఇట్టి పాతది కొనువారు, సముద్రపుతేమకు జిగురు అతుకులు వదలలేదని ఇంజనీరుచే పరీక్ష చేయించిన పిమ్మటనే సొమ్ము చెల్లింపవలెను.