మంచితనమూ ఒక అలవాటే!

పొద్దున లేవగానే పాలు పొయ్యి మీద పెట్టమని మీకెవరైనా గుర్తు చేస్తారా? చెయ్యి దానంతటదే గిన్నె అందుకుంటుంది. మరి ఓర్పు, దయ, నిజాయితీ కూడా అలాగే అలవాటైపోతే ఎంత బావుంటుందో కదూ!

రేణిగుంట లాంటి జంక్షన్‌లో కాపురం చేసే ఇల్లాలికి ఈ మాట బాగా తెలుస్తుంది. గూడూరు, కడప, అరక్కోణం, తిరుపతి... నాలుగు వైపులా రైళ్లు. డ్యూటీకెళ్లిన మనిషి ఏ అర్ధరాత్రి ఇల్లు చేరతాడో చెప్పలేం. ఆ వేళప్పుడు లేచి, విసుక్కోకుండా చారు వెచ్చబెట్టడం ఒక్కరోజైతే ఎవరైనా చేస్తారు. ఏడాది పొడుగునా చెయ్యాలంటేనే కష్టం!

క్రైస్తవ పెద్దలు దీని గురించి ఎప్పుడో ఆలోచించారు. సద్గుణమంటే మంచి చేయడానికి మనసుకు పడిన స్థిరమైన అలవాటు అన్నాడు 13వ శతాబ్దపు థామస్ అక్వినాస్. వివేకం, న్యాయం, ధైర్యం, మితం... ఈ నాలుగూ మూల గుణాలు. విశ్వాసం, నిరీక్షణ, ప్రేమ మాత్రం దేవుడిచ్చే వరాలు.

"అలవాటు కొద్దీ చేస్తే అందులో మనసేముంటుందండీ?" అని మీరడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే! తిరుపతి కేంద్రంగా సౌత్ ఆంధ్ర లూథరన్ సంఘం ఉన్న ప్రాంతం మనది. ఆ లూథర్ మంచి పనులతో మోక్షం కొనుక్కోలేమన్నాడు. చెట్టు మంచిదైతే పండు మంచిదవుతుందన్నదే ఆయన వాదన. అయినా 1529లో రాసిన చిన్న ప్రశ్నోత్తరిలో పొద్దున, రాత్రి, భోజనాల వేళ ఇంటిల్లిపాదీ చేయాల్సిన ప్రార్థనలు పొందుపరిచాడు. అంటే చెట్టుకు రోజూ నీళ్లు పొయ్యాలని ఆయనకీ తెలుసన్నమాట!

మన తెలుగు ఇల్లాళ్ల సంగతి చూడండి. 1912లో దోర్నకల్ బిషప్ అయిన అజరయ్య ఇవ్వడాన్ని భక్తిలో భాగంగా నేర్పించారు. ఆ పల్లెల్లో ఆడవాళ్లు వంటకు బియ్యం కొలిచేటప్పుడు ముందుగా ఒక గుప్పెడు తీసి దేవుడి పేర విడిగా ఉంచేవారు. మిజోరంలో 1910లో మొదలైన ఇలాంటి ఆచారమే ఇప్పటికీ సాగుతోంది.

గుప్పెడంటే 40 గ్రాములనుకుందాం. రెండు పూటలా తీస్తే నెలకు దాదాపు రెండున్నర కిలోలు! కానీ అసలు విషయం తూకంలో లేదు. తిన్నాక మిగిలినది కాదు, వండకముందే తీసినది. నెలాఖరున డబ్బా అడుగు కనిపిస్తున్నప్పుడు చెయ్యి వెనక్కి పోతుంది చూశారూ, మనసుకు పరీక్ష అక్కడే. పిల్లలకే చాలని రోజున గుప్పెడు చిటికెడైనా తప్పులేదు. అది వివేకం. ఆ చిటికెడు కూడా మానకపోవడం అలవాటు.

మీరూ మొదలుపెట్టాలనుకుంటే...

* ఒకసారికి ఒక్క గుణమే ఎంచుకోండి. అన్నీ ఒకేసారి పట్టుకుంటే ఏదీ నిలవదు.
* రోజూ చేసే పనికి దాన్ని ముడివేయండి. కూర తరిగేటప్పుడు ఎవరి మీదా చాడీలు చెప్పకూడదని పెట్టుకోండి.
* ఒక పూట తప్పిందా? మర్నాడు మళ్లీ మొదలుపెట్టండి.
* పిల్లలకు నీతులు చెప్పడం తగ్గించి, గుప్పెడు బియ్యం వాళ్ల చేత తీయించండి.

అన్నట్టు, ఓర్పు ఆడవాళ్లకే రాసిపెట్టలేదు! అర్ధరాత్రి వచ్చిన ఆయన తన కంచం తనే కడిగి పెట్టే అలవాటు చేసుకుంటే, అదీ సద్గుణమే. ఏమంటారు?