గోలీ లోపలికెలా వెళ్లింది?

కోయిలకుంట్ల చుట్టుపక్కల నేలలో ఒక సున్నపురాతి పొర ఉంది. భూగర్భ శాస్త్రజ్ఞులు దాన్ని కోయిలకుంట్ల సున్నపురాయి అనే పిలుస్తారు. దాని అడుగున ఉండేది పాణ్యం క్వార్ట్‌జైట్, అంటే చాలావరకు సిలికా. సిలికా, సున్నపురాయి, వీటికి తోడు సోడా యాష్ ఉంటే మామూలు గాజుకు ముడిసరుకు సిద్ధమైనట్టే. ఈ రాళ్ల మీద విలియం కింగ్ రాసిన గ్రంథాన్ని భారత భూగర్భ సర్వే 1872లో అచ్చేసింది. అదే ఏడు ఇంగ్లండులో హైరమ్ కాడ్ అనే ఇంజనీరు ఒక సీసాకు పేటెంటు పొందాడు. రెంటికీ చుట్టరికమేమీ లేదు గానీ, ఆ సీసాయే తర్వాత మన బంకుల్లో గోలీసోడాగా స్థిరపడింది.

అప్పటిదాకా సోడా సీసాకు బిరడాయే దిక్కు. అది ఎండితే సందు పడి గ్యాసు జారిపోయేది. బిరడా ఎప్పుడూ తడిగా ఉండాలని, నిలబెట్టడానికి వీల్లేకుండా గుండ్రటి అడుగుతో సీసాలు చేసేవాళ్లు! కాడ్ ఆ బిరడానే తీసేశాడు. మెడలో ఒక గాజు గోలీ, మూతి లోపలి గాడిలో ఒక రబ్బరు ఉంగరం పెట్టాడు. సీసాను తలకిందులు చేసి ఒత్తిడితో సోడా నింపితే గోలీ మూతి దగ్గరికి జారుతుంది, గ్యాసు దాన్ని రబ్బరుకు అదిమిపెడుతుంది. తప్పించుకోజూసే గ్యాసే తనకు తాను కాపలా కాస్తుందన్నమాట.

సోడా కొట్టగానే కుయ్‌మంటూ గోలీ మెడలోకి దిగుతుంది. అక్కడ ఒకవైపు రెండు నొక్కులుంటాయి. ఆ వైపు కిందికి ఉండేలా వంచి తాగితే గోలీ వాటికి ఆనుకుని ఆగుతుంది, అటుతిప్పి వంచితే మూతికి అడ్డంపడి విసిగిస్తుంది.

ఇక తయారీ. ఇనుప గొట్టం కొసన కరిగిన గాజు ముద్దను తీసి, రెండు చెక్కలుగా విడిపోయే అచ్చులో బిగించి ఊదుతారు. అమెరికాలో 1815-35 ప్రాంతంలో ఖరీదైన చెక్కుడు గాజుకు చవక నకలుగా గిన్నెలు, మద్యం కూజాలు చేసింది కూడా ఇలా అచ్చుల్లో ఊదే. కాడ్ సీసాకు మాత్రం ఇంకో మెట్టు ఉంది. మెడ వెడల్పుగా ఉండగానే గోలీ వేసి, మూతిని మళ్లీ కాల్చి ఇరుకు చేయాలి.

అమెరికా ఈ సీసాను పెద్దగా పట్టించుకోలేదు. 1892లో బాల్టిమోర్‌కు చెందిన విలియం పెయింటర్ రేకు మూతకు పేటెంటు తీసుకున్నాడు. 1903 నాటికి మైకేల్ ఓవెన్స్ కనిపెట్టిన, సీసాలు చేసే యంత్రం రంగంలోకి దిగింది. ఆ దెబ్బకు కాడ్ సీసా పుట్టినచోటే మూలపడింది.

మన దగ్గర బతికింది. కారణం సెంటిమెంటు అనుకోను, లెక్క. తాగిన సీసా బంకులోనే ఉండిపోతుంది, కడిగి, రబ్బరు పాతబడితే మార్చి, మళ్లీ నింపుతారు. మూత కొనే ఖర్చే లేదు. రామచంద్రపురంలోని కూల్‌డ్రింకుల కంపెనీ ఆర్టోస్ కూడా గోలీసోడాతోనే మొదలైంది. ఉత్తరప్రదేశ్‌లోని సాస్నిలో ఈ సీసాలు చేసే కార్ఖానా ఉంది. వీటికున్న ఏకైక శత్రువు, గోలీ కోసం సీసా పగలగొట్టే పిల్లలు.

ఈసారి గోలీసోడా తాగాక సీసా పక్కన నిలువు గీతను వేలితో తడిమి చూడండి. అది అచ్చు చెక్కలు కలిసిన చోటు. మూతి దగ్గరికొచ్చేసరికి అది చెరిగిపోయిందంటే, గోలీ పడ్డాక ఆ మూతిని మళ్లీ కాల్చి దిద్దారన్నమాట.