చిన్నకారు డిక్కీలో గట్టు తగాదా

కారంటే ఇంజనూ, హారనూ, రంగూ అనుకునేవారికి ఈ వ్యాసం కాస్త చప్పగా తోచవచ్చు. నేను చెప్పబోయేది ఎవరూ మెచ్చుకోని రెండు వస్తువుల సంగతి. ఒకటి పెట్రోలు టాంకు, రెండోది స్టెప్నీ. పాత చిన్నకార్లలో చాలావాటికి ఈ రెండింటి కాపురమూ ఒకే డిక్కీలో. ఒకటి పెరిగితే రెండోది జరగాలి. పొలంగట్టు దగ్గర దాయాదుల వ్యవహారం వంటిదే.

మా గంగవరంలో పెదనాయన కొట్టంలో ఒక స్టాండర్డ్ హెరాల్డు కారుంది. ఇంగ్లండులోని ట్రయంఫ్ హెరాల్డునే మద్రాసు స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ వారు 1961 నుంచి ఇక్కడ తయారుచేశారు. డిక్కీ తెరిస్తే ఎడమవైపు టాంకు, నేలమీది పలక కింద గుంటలో స్టెప్నీ. టాంకులో పట్టేది సుమారు 30 లీటర్లు. టాంకు మీదనే ఒక చిన్న పిడి ఉంటుంది. దాన్ని తిప్పితే అడుగున మిగిలిన రిజర్వు పెట్రోలు వస్తుంది. మోటారుసైకిలు నడిపేవారికి ఈ ఏర్పాటు తెలిసినదే.

ఆ టాంకు తుప్పుపట్టింది. ఎట్లాగూ మారుస్తున్నాం గదా, కుడివైపు ఇంకొకటి పెట్టించి, స్టెప్నీని వెనకసీటు వీపుకు ఆనించి నిలబెడదామని పెదనాయన ఆలోచన. "బెంగుళూరు పోయి వచ్చేదాకా బంకు మొగం చూడకూడదురా" అంటాడు. ఆలోచన కొత్తదేం కాదు. 1959లో వచ్చిన మినీ కారుకు ఎడమవైపు 25 లీటర్ల టాంకు ఒక్కటే ఉండేది. దాని అన్న కూపర్ ఎస్‌కు 1966 నుంచి కుడివైపు రెండో టాంకు కూడా బిగించి ఇచ్చారు. కాని కూపర్ ఎస్ పందెపు కారు. 1964, 1965, 1967లలో మాంటీకార్లో ర్యాలీ గెలిచింది. దానికి సామాను అక్కర్లేదు. మాకు టమాటా గంపైనా పట్టాలి గదా!

లెక్క చూద్దాం. లీటరుకు 12 కిలోమీటర్లు వచ్చినా 30 లీటర్లకు 360. మా ఊరినుంచి బెంగుళూరు పోయి రావడానికి ఒక్క టాంకు చాలు. ఇక దారి పొడుగునా బంకులే. రెండో టాంకుతో వచ్చే లాభం ఇంతే. నష్టమో, డిక్కీలో ఇంకో 22 కిలోల పెట్రోలు, అదీ వెనకవైపు. మొగిలి ఘాటు దిగేటప్పుడు మన వెనక బరువు లారీ ఉంటుందన్నది మరచిపోకూడదు. అమెరికాలో ఫోర్డు వారి పింటో కారుకు టాంకు వెనక ఇరుసుకు ఆవల ఉండేది. వెనకనుంచి గుద్దితే టాంకు చిట్లి మంటలు లేచిన ప్రమాదాలు జరిగాయి. 1978లో సుమారు 15 లక్షల బండ్లను కంపెనీ వెనక్కి పిలిచి బాగుచేయవలసి వచ్చింది. ఇప్పటి కార్లలో ఎక్కువ భాగం టాంకును వెనకసీటు కిందికి, ఇరుసుకు ముందుకు తెచ్చారు. హెరాల్డు డిక్కీని అట్లా మార్చలేం. ఉన్న ప్రమాదాన్ని రెండింతలు చేసుకోకుండా ఉండగలం. ఇది చెప్పాక పెదనాయన రెండు రోజులు మాట్లాడలేదు. మూడోనాడు ఒకే టాంకుకు ఒప్పుకున్నాడు.

టాంకు ఎత్తు కూడా ఒకప్పుడు పెద్ద ప్రశ్నే. ఫోర్డు మోడల్ టీ కారులో పంపు లేదు. సీటు కింది టాంకునుంచి పెట్రోలు తనంతట తాను ఇంజనులోకి జారాలి. పెట్రోలు తక్కువున్నప్పుడు నిట్టనిలువు ఎత్తు వస్తే ఇంజనే టాంకుకన్నా పైకి పోతుంది. అందుకని డ్రైవర్లు కారును తిప్పి, రివర్సులో కొండెక్కేవారు. మా హార్సిలీ కొండ మీదికి అట్లా వెనక్కెనక్కి ఎక్కడం తలచుకుంటే నవ్వొస్తుంది.

అసలు చిక్కు టాంకును దేనితో చేయించాలన్నది. ఆనాటి టాంకుల రేకుకు సీసం, తగరం కలిపిన పూత ఉండేది. ఇప్పుడు బంకులో పోసేది ఆనాటి పెట్రోలు కాదు. నూటికి 20 పాళ్ల ఇథనాలు కలిపిన పెట్రోలు 2023లో మొదలై, 2025 నాటికి దేశమంతటా పరుచుకుంది. చెరకు, మొక్కజొన్న పండించేవారికి అది సంతోషమే, మేమూ రైతులమే. పాత రబ్బరు గొట్టాలకు మాత్రం సంతోషం కాదు. ఇథనాలు వాటిని ఉబ్బించి పగలగొడుతుంది. సీసం పూతనూ, జింకు పూతనూ తింటుంది. పైగా గాలిలోని తేమను పీల్చుకుంటుంది. నీరు ఒక మితి దాటితే ఇథనాలూ నీరూ జతకట్టి పెట్రోలును విడిచి అడుక్కు దిగుతాయి. ఇంజనుకు పోయే గొట్టం నోరు ఉండేదీ అడుగునే! నెలల తరబడి కొట్టంలో నిలబడే కారుకు ఇది తప్పని బెడద. కాబట్టి స్టెయిన్‌లెస్ స్టీలు మేలు. లోపల అడ్డుపలకలు పెట్టించాలి. నిండుకుండ తొణకదు గాని, సగం టాంకు ఘాటు మలుపుల్లో తొణికి బండినే ఊపుతుంది. నీళ్ల డ్రమ్ము కోసి టాంకు చేస్తామనేవారున్నారు, వినకండి. మామూలు ప్లాస్టిక్‌లోనుంచి పెట్రోలు ఆవిరి మెల్లగా బయటికి వస్తుంది.

పాత టాంకుకు మాటు వేయించేవారికి ఒక మాట. నిండు టాంకుకన్నా ఖాళీ టాంకు ప్రమాదకరం. గాలిలో పెట్రోలు ఆవిరి నూటికి సుమారు ఒకటిన్నర నుంచి ఏడున్నర పాళ్లు ఉంటేనే అంటుకుంటుంది. నిండినదాంట్లో గాలి లేదు. ఖాళీదాంట్లో సరిగ్గా ఆ పాళ్లు కుదరవచ్చు. వాసన పోయిందని వెల్డింగు మంట పెట్టకూడదు. ఆ పని తెలిసినవాళ్లకే ఇవ్వాలి.

ఇక స్టెప్నీ. వేల్సు దేశంలో లనెల్లి పట్టణపు స్టెప్నీ వీధిలో ఇనుపసామాను అంగడి నడిపిన డేవిస్ సోదరులు 1904లో తయారుచేసిన అదనపు చక్రానికి ఆ వీధి పేరే పెట్టారు. అప్పటిదాకా కారుకు అదనపు చక్రమే లేదు. ఇంగ్లీషువారు ఆ మాట మరిచారు. మన లారీ క్లీనరు మరవలేదు.

స్టెప్నీ ఎక్కడున్నా బిగించి ఉండాలి. 12 కిలోల చక్రం వదులుగా ఉందనుకోండి. గంటకు 50 కిలోమీటర్ల వేగంలో కారు ఠక్కున ఆగితే అది మనవైపు వచ్చే వేగం, సుమారు 10 మీటర్ల ఎత్తునుంచి పడినదాని వేగంతో సమానం. వెనకసీటు వీపు పాత అట్టా, స్పాంజీ మాత్రమే. అందుకే నిలబెట్టడం కన్నా నేలగుంటలో పడుకోబెట్టి, నడుమ బోల్టుతో బిగించడం మంచిది. బోల్టు మొన టాంకువైపు ఉండకూడదు.

వాడని టైరు కొత్తదనుకోవద్దు. రబ్బరుకూ వయసుంది. టైరు పక్కన నాలుగంకెలు వెతకండి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం పుట్టిందని అర్థం. మా స్టెప్నీ మీద ఆ నాలుగంకెలు లేనే లేవు.