ఆ మార్కులు పుస్తకం ఘనతేనా?

పదో తరగతి ఫలితాలు రాగానే గాజులరామారం వీధుల్లో ఫ్లెక్సీలు లేస్తాయి. పిల్లల ఫొటోలు, పక్కన మార్కులు. ఆరో తరగతి నుంచే లెక్కలకు వేరే పుస్తకం పెట్టాం కాబట్టే ఇన్ని మార్కులని చెప్పే బడులకూ కొదవ లేదు. కావచ్చు. ఫ్లెక్సీ చూసి మాత్రం ఆ సంగతి తేల్చలేం.

ఎక్కువ ఫీజు కట్టే ఇంట్లో సాయంత్రం ట్యూషన్ కూడా ఉంటుంది. మార్కులు దేని పుణ్యం? ఇక్కడ ఇంకో చిక్కుంది. జీడిమెట్ల పారిశ్రామికవాడలో పనికొచ్చిన కుటుంబాలు అద్దెకుండే ప్రాంతమిది. పని మారితే ఇల్లు మారుతుంది, ఏడాది మధ్యలో పిల్లవాడి బడీ మారుతుంది. వెనకబడ్డ పిల్లలు నలుగురు అలా వెళ్లిపోతే, మిగతావాళ్లు కొత్తగా ఒక్క లెక్కా నేర్వకపోయినా తరగతి సగటు పెరిగిపోతుంది!

అందుకే కొత్త పద్ధతి ఏ బడికి, పాతది ఏ బడికి అన్నది లాటరీ తీసి నిర్ణయించాలి. అప్పుడే రెండువైపులా ఒకేరకం పిల్లలుంటారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005 నుంచి ఇలాంటి పరిశీలనే జరిగింది. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ ఐదు జిల్లాల్లో పల్లెటూళ్ల ప్రాథమిక పాఠశాలలను ఎంచుకున్నారు. పుస్తకం మార్చలేదు. పిల్లల మార్కులు పెరిగితే టీచర్లకు బోనస్ అన్నారు. రెండేళ్లకు లెక్కల్లో 0.27 ప్రామాణిక విచలనం మేర మెరుగుదల కనిపించింది. అంటే వందమందిలో యాభయ్యో స్థానంలో ఉన్నవాడు దాదాపు నలభయ్యో స్థానానికి వచ్చినట్టు. బట్టీతో రాయగలిగే ప్రశ్నల్లోనే కాదు, అర్థమైతే తప్ప రాయలేని ప్రశ్నల్లోనూ మార్కులు పెరిగాయి.

అదే పరిశోధనలో నాకు బాగా నచ్చిన ముక్క వేరే ఉంది. ఇంకో వంద బడుల్లో బోనస్ లేకుండా, పిల్లలు ఎక్కడ తప్పుతున్నారో టీచర్లకు వివరంగా నివేదికలిచ్చారు. పరిశీలకులు వచ్చినప్పుడు ఆ టీచర్లు చురుగ్గానే పాఠం చెప్పారు. పిల్లల మార్కులు మాత్రం పెరగలేదు. తరగతిలో హడావుడి చూసి పద్ధతి బాగుందనుకోవడం ఎంత పొరపాటో చూడండి.

ఏ పరీక్షతో కొలిచామన్నదీ ముఖ్యమే. ఢిల్లీలో పిల్లల స్థాయిని బట్టి పాఠం చెప్పే మైండ్‌స్పార్క్ సాఫ్ట్‌వేర్‌ను ఇలాగే లాటరీతో పరీక్షించారు. ఆరో తరగతి పిల్లలు లెక్కల్లో సగటున రెండున్నర తరగతులు వెనకబడి ఉన్నారు. నాలుగున్నర నెలల్లో వాళ్ల ప్రగతి పరిశోధకుల పరీక్షలో స్పష్టంగా తెలిసింది, బడి లెక్కల పరీక్షలో తెలియలేదు. భిన్నాల కూడికలు ఇప్పుడిప్పుడే పట్టుబడుతున్నవాడికి బీజగణితం పేపరిస్తే సున్నాయే కదా వచ్చేది.

ఇక పుస్తకాల సంగతికొస్తే, అమెరికాలో 2004లో జాతీయ పరిశోధన మండలి 19 గణిత పాఠ్యక్రమాలపై వచ్చిన 698 అధ్యయనాలను జల్లెడ పట్టి, ఫలానా పుస్తకం పనిచేస్తుందని చెప్పడానికి అవి చాలవని తేల్చింది.

కాబట్టి కొత్త లెక్కల పుస్తకానికి డబ్బు కట్టమంటే మీ బడివాళ్లను రెండు విషయాలు అడగండి: జూన్‌లో మొదలుపెట్టినప్పుడు ఈ పిల్లలకే ఎన్ని మార్కులొచ్చాయి, మార్చిలోపు ఎంతమంది మానేశారు?