వ్యోమనౌకల వేగము: దాని ఎల్లలు

శ్రీహరికోట నుండి 2023 జూలై 14వ తేదీన బయలుదేరిన ఎల్.వి.ఎం.-3 రాకెట్టు బరువు సుమారు 640 టన్నులు. అది మోసికొనిపోయిన చంద్రయాన్-3 బరువు నాలుగు టన్నులకు లోపే. తక్కిన దానిలో అత్యధికభాగము ఇంధనసామగ్రియే. ఇంతటి వ్యత్యాసమునకు కారణమేమి? ఇంతకన్న మేలైన యంత్రముతో మానవుడు నక్షత్రములను చేరగలడా? కాంతిని సయితము మించి పోగలడా?

శూన్యములో ఊతగొనుటకు నేల గాని, గాలి గాని లేదు. రాకెట్టు తనలోని ద్రవ్యమును వెనుకకు వెడలగ్రక్కి, ఆ ప్రతిచర్య వలన ముందునకు సాగును. రష్యా దేశీయుడగు జియోల్కోవ్‌స్కీ 1903లో ఇందలి లెక్కను ప్రకటించెను. వెలువడు వాయువుల వేగమెంతయో అంత వేగము నౌక పొందవలెనన్న, బయలుదేరునప్పటి బరువు చివరి బరువునకు 2.7 రెట్లుండవలయును. రెండింతల వేగమునకు 7.4 రెట్లు, మూడింతలకు 20 రెట్లు, పదింతలకు 22,000 రెట్లు కావలయును. వేగము కూడికలలో పెరుగుచుండగా బరువు గుణకారములలో పెరుగును.

కావున వాయువుల వేగమును హెచ్చించుటయే ఉపాయము. ద్రవ హైడ్రోజను, ఆక్సిజనుల దహనముచే లభించు వేగము సెకనుకు సుమారు నాలుగున్నర కిలోమీటర్లు. విద్యుచ్ఛక్తితో అయానులను తరుము యంత్రము దీనికి ఆరేడింతలు సాధించును. 2007లో బయలుదేరిన అమెరికా నౌక డాన్ ఇట్టి యంత్రముతోనే, 425 కిలోల జినాను వాయువును మాత్రమే గొనిపోయి, 2011లో వెస్టాను, 2015లో సెరీస్‌ను చేరెను. అయితే ఆ యంత్రపు త్రోపుడు అరచేతిపై ఒక కాగితము మోపు బరువును మించదు. అది సంవత్సరముల తరబడి త్రోయుటచేతనే వేగము సమకూరెను.

నక్షత్రదూరముల యెదుట ఇదియు స్వల్పమే. 1977లో బయలుదేరిన వాయేజర్-1, గురు శనిగ్రహముల ఆకర్షణ సాయముతో, సెకనుకు 17 కిలోమీటర్ల వేగమున పోవుచున్నది. సమీపనక్షత్రమగు ప్రాక్సిమా 4.24 కాంతిసంవత్సరముల దూరమున గలదు. ఆ దూరమును ఈ వేగమున గడచుటకు సుమారు 75,000 సంవత్సరములు పట్టును.

కాంతివేగము దాటరాని ఎల్లయని ఐన్‌స్టీన్ 1905లో నిరూపించెను. జెనీవా సమీపమందలి మహాయంత్రములో ప్రోటానుల శక్తిని దాదాపు 7,000 రెట్లు పెంచినను, వాని వేగము కాంతివేగమునకు కొంచెము తక్కువగనే నిలుచుచున్నది. అయినను ఈ ఎల్ల ప్రయాణికునకు నిజమైన అడ్డంకి కాదు. కాంతివేగములో 99 శాతము వేగమున పోవు నౌక ప్రాక్సిమాను చేరుసరికి భూమిపై నాలుగేండ్ల మూడుమాసములు గడచినను, నౌకలోని గడియారమున ఏడుమాసములే గడచును.

అసలు అడ్డంకి శక్తి. ఒక కిలో బరువునకు ఆ వేగము కల్పింప నారు కిలోల ద్రవ్యమును పూర్తిగా శక్తిగా మార్చవలయును. సూర్యగర్భమున హైడ్రోజను హీలియముగా మారునప్పుడు సయితము ద్రవ్యములో 0.7 శాతమే శక్తియగును.

మెక్సికో శాస్త్రజ్ఞుడు ఆల్కుబియెర్రే 1994లో వేరొక మార్గమును సూచించెను. నౌక ముందరి ఆకాశమును ముడిచి, వెనుకటి దానిని విప్పినచో, నౌక తన చోట కాంతిని మించకయే దూరమును గడచునట. సమీకరణములు దీనిని నిషేధింపవు. కాని ఇందుకు ఋణశక్తి అపారముగా కావలయును. అట్టిదానిని సమకూర్చు విధానము నేటికిని లేదు. పైగా కాంతిని మించు ప్రయాణము సాధ్యమైనచో కార్యము కారణమునకు ముందే సంభవించు చిక్కు ఏర్పడును.

ఈ రెండు అవరోధములును ఒక్క తీరువి కావు. ఇంధనభారము మానవుని నేర్పునకు క్రమముగా లొంగుచున్నది. కాంతి యెల్ల ప్రకృతి నిర్మాణములోనిది. ఈ భేదము నెరిగిన పాఠకుడు వ్యోమయానమును గూర్చిన వార్తలలో ఆశ యేదో, ఊహ యేదో తానే నిర్ణయించుకొనగలడు.