ఎకరా చెరువు ఎంత చేప తింటుంది?

రొయ్యల చెరువు గట్టు మీద మొదట వినిపించే ప్రశ్న ‘కౌంటెంత?’ అని. కిలోకి యాభై తూగితే 50 కౌంటు, వంద తూగితే 100 కౌంటు. రేటు దాన్ని బట్టే. పట్టుబడి అయ్యాక ఎన్ని టన్నులొచ్చాయని అందరూ అడుగుతారు. ఆ టన్నుల కోసం చెరువులో ఏమేం పోశారు, అందులో ఎంత నీళ్లపాలైంది అన్న ఆరా మాత్రం తక్కువ. భీమవరం చుట్టుపక్కల కనిపించేలాంటి ఒక ఎకరా వెనామీ రకం రొయ్యల చెరువును నమూనాగా పెట్టుకుని ఆ లెక్క కట్టి చూద్దాం.

చదరపు మీటరుకు 40 పిల్లలు వేశారనుకుందాం. నిబంధనల ప్రకారం 60 దాటకూడదు. అంటే ఎకరాకు సుమారు 1.6 లక్షల పిల్లలు. నూటికి 75 బతికి 50 కౌంటుకొస్తే 2.4 టన్నుల దిగుబడి. కిలో రొయ్యకు కిలోన్నరకి కాస్త తక్కువగా, 1.4 కిలోల మేత పడిందనుకుంటే మొత్తం 3,360 కిలోలు. 25 కిలోల బస్తాల్లో చెప్పాలంటే 134 బస్తాలు.

రొయ్య మేతలో మాంసకృత్తులు 35 శాతం దాకా ఉంటాయి. వాటిలోని నత్రజని లెక్కేస్తే 188 కిలోలు. పట్టుబడిలో రొయ్యలతోపాటు బయటికొచ్చేది 70 కిలోలే. మిగిలిన 118 కిలోలు? కొంత గాలిలో కలుస్తుంది, కొంత అడుగున నల్లబురదలో చేరుతుంది, కొంత నీళ్లతో కాలువలోకి పోతుంది. యూరియా లెక్కన చూస్తే అది 45 కిలోల బస్తాలు దాదాపు ఆరు. వరి రైతు ఎకరాకు రెండు మూడు బస్తాలేస్తేనే ఎక్కువేశావంటారు!

ఆ నత్రజనికి నాచు పెరుగుతుంది. పగలు ఆక్సిజన్ ఇచ్చిన నాచే రాత్రి దాన్ని పీల్చుకుంటుంది. అందుకే నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లకు రాత్రంతా కరెంటు కావాలి. తెల్లవారుజామున కరెంటు పోతే రైతుకు చెమటలు పడతాయి. ఇక కాలువ సంగతి. ఒక రైతు వదిలిన నీళ్లనే దిగువ రైతు మోటారుతో తోడుకుంటాడు, రోగం కూడా ఆ నీళ్లతోనే వస్తుంది. 1994-95లో తెల్లమచ్చ వైరస్ కోస్తాలో టైగర్ రొయ్యల సాగును ఊడ్చేసింది. 2009లో వెనామీకి అనుమతి వచ్చాక సాగు మళ్లీ లేచింది. జాతి మారింది కానీ కాలువలు మారలేదు.

ఇప్పుడు సముద్రం వైపు చూద్దాం. 2022లో ప్రపంచవ్యాప్తంగా పెంపకం చేపలూ రొయ్యలూ 9.44 కోట్ల టన్నులై, 9.1 కోట్ల టన్నుల వేటను మొదటిసారి దాటాయి. పెంపకం పెరిగితే సముద్రానికి ఊపిరి దొరుకుతుందన్నది ఆశ. ఆ ఊపిరి అవసరం కూడా. నిలకడగా వేటాడగల చేపల నిల్వలు 1974లో 90 శాతముంటే 2021కి 62.3 శాతానికి పడిపోయాయి. కానీ మన నమూనా చెరువు మేతలో చేపపొడి 15 శాతమనుకుంటే 504 కిలోలు. కిలో పొడికి నాలుగున్నర కిలోల నెత్తళ్లు, కవళ్లు లాంటి చిన్నచేపలు కావాలి. అంటే 2.27 టన్నుల చేప. 2.4 టన్నుల రొయ్యకు దాదాపు అంతే బరువు! చేపపొడి కొంత ప్రాసెసింగ్ వ్యర్థాల నుంచీ వస్తుంది కాబట్టి అసలు లెక్క ఇంతకంటే తగ్గవచ్చు. అయినా తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట ఆపే మనం, ఆ చిన్నచేపల్ని మేత బస్తాల్లో ఏడాది పొడవునా పోస్తూనే ఉన్నాం.

చెరువులన్నీ ఒకటే అనుకోవద్దు. కొల్లేరు చుట్టూ పెంచే బొచ్చె, శీలావతి ప్రధానంగా తవుడు, చెక్క తింటాయి. ఆ సరస్సును ఆక్రమించిన గట్ల గొడవ వేరే, కానీ చిన్నచేపల మీద భారం మాత్రం రొయ్యతో పోలిస్తే చాలా తక్కువ. ఎగుమతి డాలర్ల మోజులో ఈ తేడాను మనం పట్టించుకోం.

రొయ్య రైతు చేతిలో ఉన్న మీట చెక్ ట్రే. వలగుడ్డ బిగించిన ఆ పళ్లెంలో గుప్పెడు మేత వేసి దించి, రెండు గంటల తర్వాత పైకి లాగుతారు. గుళికలు మిగిలితే తర్వాతి పూట మేత తగ్గించాలి. రొయ్యను వెలుతురుకు ఎత్తితే వీపు వెంట పేగు గీత నిండుగా కనబడాలి. ఇలా చూసుకుంటూ కిలో రొయ్యకు పడే మేతను 1.4 కిలోల నుంచి 1.2కు దించగలిగితే 480 కిలోల మేత, 27 కిలోల నత్రజని, 324 కిలోల సముద్రపు చేప మిగులుతాయి. కిలో మేత వంద రూపాయలనుకుంటే ఒక్క పంటకు ఎకరాకు 48 వేలు రైతు జేబులోనే ఉంటాయి.